పెందుర్తి చార్జీ

ముందుగా పోయినవి రాస్తాను. ఐదు రూపాయల నోటు ఒకటి. అందులో రెండు రూపాయల నలభై పైసలు ఆ రోజు ఎలాగూ ఖర్చు కావలసినవే కాబట్టి నిజంగా పోయినవి రెండు రూపాయల అరవై పైసలు. కర్రపిడి ఉన్న నల్లగొడుగు, అప్పటికే ఒక ఊచ విరిగినది. నా కుడికాలి చెప్పు పట్టీ. సగం పైగా రోజు. సరుకుని ఎప్పుడూ తప్పు చోటికి పంపని మనిషిగా రేవులో మా నాన్నకున్న పేరు. ఒక ఉద్యోగాన్ని కూడా ఈ వరసలో చేర్చాలో అక్కర్లేదో ఆ రోజు సాయంత్రం దాకా తేలలేదు, అందుకని దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. ఇవన్నీ నేను మర్చిపోయిన నష్టాలే. పోయిన నెల కాంప్లెక్స్ బస్టాండులో ఒక కుర్రాడు నా ముందుకొచ్చి నిలబడకపోతే మళ్లీ కూడే పని ఉండేది కాదు. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి. "మేడమ్, పర్సు పోయింది. పెందుర్తి వెళ్లాలి, బస్ చార్జీ ఇప్పిస్తారా? చిల్లర లేకపోతే స్కాన్ చేసినా పర్లేదు" అన్నాడు. పెందుర్తి అన్న మాట వినగానే నా నోట్లోంచి మా నాన్న గొంతు వచ్చింది. "పెందుర్తిలో ఎవరున్నారు?" అని అడిగాను. "మా అక్క" అన్నాడు. నేను బెంచీ మీద కూలబడ్డాను. కళ్లు తిరిగాయనుకుని పాపం ఆ కుర్రాడు పరిగెత్తి ఒక నీళ్ల బాటిలు కొనుక్కొచ్చాడు. పర్సు పోయిన మనిషి నీళ్లెలా కొన్నాడని నేను అడగలేదు. మా నాన్నయితే అడిగేవాడు.

మేము అప్పట్లో పాత ఊళ్లో, రేవుకి వెనకవైపు వీధిలో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందొక అరుగు. ఇనుప ఖనిజం ఓడలకెత్తే రోజుల్లో గాలి మా వైపు తిరిగితే తీగ మీద ఆరేసిన బట్టలన్నీ ఇటుకరంగుకి వచ్చేసేవి. అమ్మ వాటిని దులుపుతూ, "ఇయ్యాల మనకి అర్ధసేరు ఇనుము మిగిలింది" అనేది. ఎరువుల ఓడ వస్తే కళ్లు మండేవి, గోధుమల ఓడ వస్తే నాన్న చొక్కా గోనెసంచి వాసన వేసేది. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం ఆయన పని. నాలుగు నిలువు గీతలు గీసి, ఐదోది వాటి మీద అడ్డంగా కొట్టేవాడు. ఓడ దగ్గర ఒకరు లెక్కపెడితే గోడౌను దగ్గర ఇంకొకరు లెక్కపెడతారు, అక్కడివాడు అందిందని చెప్తేనే సరుకు చేరినట్టు. తప్పు గోడౌనుకి పోయిన సరుకుని వెనక్కి తెచ్చే కూలి పంపినవాడి నెత్తిన పడుతుంది. ఈ రెండు నియమాలూ మా ఇంట్లో దాదాపు ప్రార్థనల పక్కన ఉండేవి. నేను పదో తరగతి ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్నాను గానీ, నాన్న తెచ్చే చిత్తుకాగితాల వెనకవైపు వడ్డీలు, తూకాలు, వాటాలు నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరైనా పది అంకెలు చెబితే చెయ్యి కదపకుండా కూడేదాన్ని. దాన్ని చదువని ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు.

మా ఇంట్లో అన్నం వండిన ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వెయ్యడం ఆనవాయితీ. ఆదివారం ప్రార్థనకి ఆ డబ్బా గుడికి వెళ్లాలి. కానీ శనివారం రాత్రికి అది ఎప్పుడూ ఖాళీయే, ఎందుకంటే డబ్బా పక్కన మా నాయనమ్మ కూర్చునేది. వాకిట్లో ఎవరు కేకేసినా దోసిలి నింపుకుని లేచేది. ఆమెకి చూపు సరిగా ఆనదు. ఒకసారి కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చిన మనిషి చేతుల్లో బియ్యం పోసి పంపింది. ఆ మనిషి కూడా ఏమీ అనకుండా తీసుకెళ్లాడని అమ్మ చాలాకాలం చెప్పుకుంది. నాన్నది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. అడిగినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఊరు, పేరు, కారణం, ఇచ్చింది ఎవరికి చేరుతుంది, అన్నీ అడిగేవాడు. సగం మంది మధ్యలోనే లేచిపోయేవారు. "పోనీండి, ఆలకీ పనులుంటాయి కదా" అనేది అమ్మ. కొడుకు కాలికి ఆపరేషనని ఒకాయన మూడు నెలలు వరసగా వచ్చాడు. మొదటి నెల కుడికాలు, రెండో నెల ఎడమకాలు. రెండుసార్లూ నాన్న రూపాయి చొప్పున ఇచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు, "రెండు కాళ్లకీ సమానంగా ఇచ్చాం. మూడోది ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించి వెళ్లిపోయాడు. నాయనమ్మ లోపల్నించి, "ఒరే సామేలూ, దేవుడు నిన్నిలగ అడిగితే నువ్వేటి సెప్తావురా?" అని అరిచింది. "ఉన్నది ఉన్నట్టు చెప్తాను" అన్నాడు నాన్న.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఆటోనగర్లో ఎటు చూసినా వెల్డింగు మెరుపులే. అక్కడ గేట్లూ గ్రిల్లులూ చేయించే నాయుడుగారి షెడ్డుకి లెక్కలు రాసే మనిషి కావలసి వచ్చింది. రేకులు తీసుకెళ్లడానికి రేవుకొచ్చినప్పుడు నాన్న నా సంగతి కదిపాడు. "సర్టిఫికెట్లు నాకెందుకండీ, నా ఎదురుగా ఒక లెక్క సెయ్యమనండి. సోమారం పదకొండుకి తీసుకొచ్చీండి. మజ్జాన్నం ఇంకో కుర్రోడొస్తాడు, ఆడు నచ్చితే ఆణ్ణే పెట్టీసుకుంటాను మరి" అన్నాడట. నెలకి నూట యాభై రూపాయలు. ఆ నూట యాభైలో నాయనమ్మ కళ్లజోడు, ఇంటి అద్దె బకాయి, నాకొక కొత్త చెప్పుల జత అమ్మ అప్పుడే కొనేసి పెట్టుకుంది, మనసులో. సోమవారం పొద్దున్నే తలంటి పోసి, తన మంచి చీర నాకు కట్టి, నాన్న చేతికి ఐదు రూపాయల నోటిచ్చింది. "దారిలో ఎవరితోనూ మాటాడకండి" అని నాన్నకే చెప్పింది, నాకు కాదు.

పాత పోస్టాఫీసు దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. అప్పుడొచ్చాడు అప్పన్న. నలభై ఏళ్లుంటాయి, ఉతికిన చొక్కా, చేతిలో గుడ్డసంచి. "బావూ, జేబు కోసీసారు. పెందుర్తి ఎల్లాలి. డెబ్బై పైసలు చార్జీ ఇప్పించండి, మీ కాల్లకి దండం." నాన్న అతన్ని ఎగాదిగా చూశాడు. "పెందుర్తిలో ఎవరున్నారు?" అంటే, "మా అప్ప బావూ" అన్నాడు, అక్క అని. "నువ్వు మొన్న జీతాల రోజున కూడా నన్ను పెందుర్తి చార్జీ అడిగావు కదూ?" అన్నాడు. అప్పన్న గతుక్కుమన్నాడు. "అడిగే ఉంటాను బావూ" అన్నాడు నెమ్మదిగా. ఇంకెవరైనా అయితే అక్కడితో ఛీ కొట్టి పంపేవారు, నేనూ అదే అనుకున్నాను. కానీ నాన్న ముఖం పాలిపోయింది. నన్ను పక్కకి పిలిచాడు. "రత్నం, చూశావా? జీతాల రోజున బయల్దేరిన మనిషి ఇంకా ఇల్లు చేరలేదు."

"నాన్నా, అతను రోజూ ఇలాగే అడుగుతాడేమో."

"అడుగుతాడు. చేరకపోతే అడగడా మరి? మనవాళ్లందరూ చేతిలో పైసలు పెట్టి పంపేస్తున్నారు. చేరాడో లేదో ఒక్కడూ చూడలేదు. అందుకే సరుకు మధ్యలో తిరుగుతోంది."

అంతలో పెందుర్తి బస్సు వచ్చింది. నాన్న అప్పన్న గుడ్డసంచి అందుకుని ఎక్కేశాడు. సంచి వెనక అప్పన్న, అప్పన్న వెనక నేను. మూడు టిక్కెట్లు, రెండు రూపాయల పది పైసలు. చేతిలో మిగిలినవి రెండు రూపాయల తొంభై. ఇతన్ని దింపేసి, తిరుగుదారిలో ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఆటోనగర్ వైపు వెళ్లే గాజువాక బస్సు పట్టుకుంటే ఆలస్యం కాదని నాన్న నాకు ధైర్యం చెప్పాడు. అప్పన్న మాత్రం కంచరపాలెం వచ్చేసరికే లేచాడు. "ఇక్కడ మా బావున్నాడు బావూ, దిగిపోతాను."

"టిక్కెట్టు పెందుర్తికి కొట్టించాం. కూర్చో."

గోపాలపట్నంలో మళ్లీ లేచాడు. "బావూ, ఉన్న మాట సెప్పీమంటారా? నాకు పెందుర్తిలో పనేటీ నేదు."

"ఇంటికెళ్లే మనిషికి పనేం కావాలి?" అన్నాడు నాన్న, సంచి ఒళ్లో ఇంకాస్త గట్టిగా పట్టుకుని. కండక్టరు ఇద్దర్నీ చూసి నవ్వాపుకోలేక వెనక్కి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొస్తోంది. పదకొండుకి ఎంత దూరంలో ఉన్నామో బస్సు ఆగిన ప్రతిచోటా తీసివేసుకుంటున్నాను.

పెందుర్తి అప్పుడు ఇప్పటిలా కాలనీల పెందుర్తి కాదు. నాలుగు వీధులు, వాటి వెనక పొలాలు, రాళ్లు పాతి వదిలేసిన ప్లాట్లు. "అప్ప ఇల్లు చూపించు" అన్నాడు నాన్న. అప్పన్న మమ్మల్ని ఒక వీధిలోంచి ఇంకో వీధిలోకి తిప్పాడు. ఎండ మాడిపోతోంది, గొడుగు నాన్న అప్పన్నకే పట్టాడు. నా చెప్పు పట్టీ అక్కడే తెగింది. తిరిగిన వీధిలోకే మళ్లీ తిరిగాక, ఇంక తప్పదని అప్పన్న ఒక పెంకుటింటి ముందు ఆగాడు. వాకిట్లో ఒక పెద్దావిడ చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కొట్టని సరుగుడు కర్రల కుప్ప. అప్పన్న కళ్లు మూసుకుని, "అప్పా!" అన్నాడు.

ఆవిడ తలెత్తింది. అతన్ని చూసింది, అతని వెనక ఖాకీ పాంటులో ఉన్న మా నాన్నని చూసింది, ఒంటి చెప్పుతో నిలబడ్డ నన్ను చూసింది. చేతిలో గింజ కింద పారేసి, "ఒచ్చీసావేట్రా తమ్ముడా! ఇన్నాల్లకి గుర్తొచ్చిందేటి ఈ అప్ప?" అంది.

మా ముగ్గురిలోనూ ఎక్కువ ఆశ్చర్యపోయింది అప్పన్న. నాన్న మాత్రం ఊపిరి వదిలి, "అమ్మా, మనిషి అందినట్టేనా?" అని అడిగాడు. "అందీసాడు బాబూ, సల్లగుండు. బోజనం సేసీసి ఎల్లండి" అందావిడ. వద్దంటే వినలేదు. ఎండుచేపల పులుసు, చల్లన్నం పెట్టింది. తమ్ముడు తిని లేవగానే గోడకానించిన గొడ్డలి చూపించింది. "ఆ కర్రలు కొట్టీరా. ఒచ్చినోడివి నాలుగురోజులుండు." నాన్న తృప్తిగా గుటకలేసుకుంటూ మంచినీళ్లు తాగుతుంటే, అప్పన్న గొడ్డలెత్తి నావైపు వంగి, "అమ్మా, ఈవిడెవులో నాకు తెలీదమ్మా. నన్నొగ్గీసి ఎల్లకండి" అన్నాడు గొణుగుతూ. అప్పటికే పన్నెండయిపోయింది.

మేము బస్సు దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేశాడు, చొక్కానిండా చెక్కపేళ్లతో. "బావూ, నా తిరుగు చార్జీ ఇచ్చీండి."

"ఇంటికి చేరావు కదయ్యా!"

"నా ఇల్లు పాత పోస్టాఫీసు ఎనకాల బావూ! సంచొట్టుకుని మీరు నన్నిక్కడికి తెచ్చీసారు. సోమారం పొద్దుటిపూట నాకు మూడు రూపాయలు ఒస్తాది, అదీ పోయింది. ఆవిడ కర్రలు కొట్టించీసింది. ఇదేటి నాయం?"

నాన్నకి మోసపోయానని కోపం వస్తుందనుకున్నాను. కానీ ఆయన ముఖంలో ఉన్నది కోపం కాదు. తప్పు గోడౌను. వెనక్కి తెచ్చే కూలి పంపినవాడిది. "రత్నం, ఇతనికి మనం ఎంత ఇవ్వాలో చూడు" అన్నాడు. బస్టాండు గోడ నీడలో నిలబడి నేను లెక్క కట్టాను. తిరుగు చార్జీ డెబ్బై, పోయిన సంపాదన మూడు రూపాయలు, మొత్తం మూడూ డెబ్బై. అతను తిన్న భోజనం హోటల్లో అయితే రూపాయి పాతిక, అది తీసేస్తే రెండూ నలభై ఐదు. వచ్చేటప్పటి చార్జీ అతను నోరు తెరిచి అడిగిందే కాబట్టి మన ఖాతా. ఆటోనగర్ వెళ్లి ఇంటికి చేరడానికి మా ఇద్దరికీ రెండూ డెబ్బై కావాలి, చేతిలో ఉన్నవి రెండూ తొంభై. ఇరవై పైసలు అతని చేతిలో పెట్టాం. బాకీ రెండు రూపాయల పాతిక. అప్పన్న శ్రద్ధగా విన్నాడు. "గుంట నెక్క బానే సెప్పింది" అన్నాడు నాన్నతో. మేము బస్సెక్కాక గుర్తొచ్చింది, గొడుగు ఆవిడ వాకిట్లోనే ఉండిపోయింది.

ఆటోనగర్ చేరేసరికి రెండు దాటింది. నాయుడుగారు గ్రిల్లుకి రంగు చూసుకుంటూ, "ఇప్పుడేటండీ రావడం? ఆ కుర్రోడొచ్చి కూకున్నాడు. ఆణ్ణే రమ్మనీసాను" అన్నాడు. మూలన స్టూలు మీద ఒక కుర్రాడు సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ మనసులో కొన్నవన్నీ ఒకటొకటిగా వెనక్కి వెళ్లిపోతున్నాయి. నాన్నకి అబద్ధం రాదు. జరిగింది మొత్తం, జీతాల రోజు నుంచి చింతగింజ దాకా చెప్పాడు. లేతు మిషను ఆగింది. వెల్డర్లు కళ్లద్దాలు పైకెత్తుకుని దగ్గరికొచ్చారు. నాయుడుగారు నోరు తెరిచి విని, చివరికి, "అయితే ఆడికి ఎంత ఇవ్వాలంటారు?" అన్నాడు. నేను చెప్పాను. రెండు రూపాయల పాతిక.

"తప్పు" అన్నాడు నాయుడుగారు.

నా జీవితంలో నా లెక్క తప్పని ఎవరూ అనడం అదే మొదలు. "ఎలా తప్పండీ?" అన్నాను, ఉద్యోగం మర్చిపోయి.

"బోజనం ఎందుకు తీసీసావు? ఆడు కర్రలు కొట్టాడు కదా. ఆ కూడు ఆడి కూలి. కూలి తీసీడానికి నువ్వెవులివి? మూడున్నర ఇవ్వాల."

"కర్రలు కొట్టించుకున్నది ఆవిడ. కూలి ఆవిడ బాకీ. భోజనం మా మూలంగా పెట్టింది."

"మీరు తేకపోతే ఆడు కర్రలు కొట్టీవాడేటి?" అని ఒక వెల్డరు అడ్డొచ్చాడు. "అప్పా అని పిలిచినోడు కొట్టాలి కదరా, సొంతింటి పని కూలేటి?" అని ఇంకొకడు. స్టూలు మీద కుర్రాడు కూడా లేచొచ్చి, భోజనం రూపాయి పాతిక కాదు, పెందుర్తిలో రూపాయికే దొరుకుతుందన్నాడు. ఆ సాయంత్రం ఆ షెడ్డులో ఒక్క గ్రిల్లూ కదల్లేదు. రేకు మీద సుద్దతో రాశారు, చెరిపారు. చీకటి పడుతుంటే నాయుడుగారు చుట్టూ చూసి, "ఇయ్యాల్టి పని సంకనాకిపోయింది" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "రేపు తొమ్మిదింటికి వొచ్చీ. ముందీ నెక్క తేలాల" అన్నాడు. మర్నాడు వెళ్లాను. తేలలేదు. ఆయన పోయేదాకా ఆ షెడ్డులోనే లెక్కలు రాశాను. పొద్దున్నే బేరాలు లేనప్పుడు, "అయితే ఆ కూడు సంగతేటంటావు?" అని ఆయనే మొదలుపెట్టేవాడు. ఆ కుర్రాణ్ణి కూడా స్టోర్లో పెట్టుకున్నాడు. అతను రూపాయి దగ్గరే ఉండిపోయాడు.

నాన్న నా మొదటి జీతం రోజునే రెండు రూపాయల పాతిక పట్టుకుని పాత పోస్టాఫీసుకి వెళ్లాడు. కానీ ఇంకో లెక్క ప్రకారం మూడున్నర అవుతుందని కూడా అప్పన్నకి చెప్పేశాడు, ఉన్నది ఉన్నట్టు. "అయితే తేల్చీసి ఇవ్వండి బావూ, తొందరేటి?" అన్నాడు అప్పన్న. మేమెళ్లాక ఏం జరిగిందో అప్పుడే చెప్పాడు. పెందుర్తి బస్టాండులో నిలబడి పాత పోస్టాఫీసు చార్జీ అడిగితే ఒక్కడూ ఇవ్వలేదట. "ఎన్నాల్లనించో అడుగుతన్నాను, ఆ రోజొక్కటే నిజం సెప్పాను. ఒక్కడూ నమ్మనేదు బావూ." దిక్కులేక మళ్లీ ఆ పెంకుటింటికే వెళ్లాడట. ఆవిడ డెబ్బై పైసలిచ్చి, "నీ ఎనక ఖాకీ పేంటుని సూసి పోలీసోడనుకున్నాను. అప్పా అన్నాక కాదని ఎలగ సెప్తాను? మళ్లీ వొచ్చి మిగిల్న కర్రలు కొట్టీ" అందట. అతను వెళ్లాడు. కర్రలయ్యాక పెంకులు సర్దాడు. ఆ తర్వాత అప్పన్న బస్సుల దగ్గర పెందుర్తి చార్జీ అడిగితే, "పెందుర్తిలో మా అప్పుంది బావూ" అన్నది పూర్తిగా నిజం. మా నాన్నని మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు. దూరాన్నించి చూసి, "తేలిందేటి?" అనేవాడు. "ఇంకా లేదు" అనేవాడు నాన్న. ఇద్దరూ తలూపుకునేవారు. పక్కనున్న కొత్త యాచకులు చెయ్యి చాపబోతే, "ఆయన్నొగ్గీండెహె, ఆయన నాకు బాకీ" అని అప్పన్న గదిమేవాడు. కొన్నేళ్లకి ఒకసారి అక్కడ కనబడలేదు. పెందుర్తిలోనే ఉండిపోయాడని పక్క కిళ్లీకొట్టతను చెప్పాడు. నాన్న డబ్బు మూటకట్టుకుని వెళ్లాడు. పెంకుటిళ్లున్న చోటల్లా మేడలు లేస్తున్నాయి, ఏ వీధి ఏదో పోల్చుకోలేకపోయాడు. నాయనమ్మ కొత్త కళ్లజోడు తుడుచుకుంటూ, "ముందే దోసెడు బియ్యం పోసీసుంటే అయిపోయేది కదరా" అంది.

ఇప్పుడు నాన్న లేడు, నాయుడుగారు లేరు. అడిగేవాళ్లున్నారు. నేను ఇవ్వాలనుకుంటే ఫోను తీస్తాను, వద్దనుకుంటే ఫోనులోకి చూస్తాను. రెండూ చిటికెలో అయిపోతాయి. ఎక్కడికెళ్తున్నావని ఎవరూ అడగరు, అడిగితే తప్పుగా కూడా అనుకుంటారు. ఒకడికి డెబ్బై పైసలు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోడానికి మేం ఒక రోజూ, ఒక షెడ్డూ, సగం జీవితమూ వాడేశామంటే నేనిప్పుడు లెక్కలు చూసే ఆఫీసులో పిల్లలు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది. కానీ అప్పన్న ఇల్లు చేరాలని నిజంగా కంగారుపడ్డ మనిషిని మా నాన్నని తప్ప ఇంకొకర్ని నేను చూడలేదు.

కాంప్లెక్స్‌లో ఆ కుర్రాడికి నీళ్ల బాటిలు ఇరవై, పెందుర్తి చార్జీ యాభై, కలిపి డెబ్బై రూపాయలు పంపాను. బస్సెక్కాడో లేదో చూడకుండా వచ్చేద్దామనుకున్నాను, కాళ్లు రాలేదు. ఎక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ డెబ్బై అతని లెక్క, దాన్ని పాత బాకీలో సరిపెట్టడానికి లేదు. ఇంటికొచ్చి అప్పన్న లెక్క మళ్లీ మొదట్నించీ వేశాను. నాయుడుగారు చెప్పిందే ఒప్పు. కర్రలు కొట్టినవాడి కూడు కూలే, అది తీసెయ్యడానికి నేనెవరిని? గొడుగు వాళ్ల దగ్గరుందిగానీ అది మేం మర్చిపోయింది, ఇచ్చింది కాదు, కాబట్టి మినహాయింపు లేదు. అప్పన్నకి రెండు రూపాయల ఎనభై పైసలు, ఆ రోజు అతనికి చార్జీ ఇచ్చిన అప్పకి డెబ్బై పైసలు. మొత్తం మూడు రూపాయల యాభై పైసలు ఇవ్వాలి.